జిమ్నీ, రెండేళ్ల తర్వాత: లివరు మన చేతిలో, బ్రేకు కంప్యూటర్ చేతిలో

మారుతి వాళ్ల చిన్న ఫోర్ బై ఫోర్ బండి జిమ్నీ తీసుకుని రెండేళ్లు దాటింది. ఆల్ఫా మోడల్, మాన్యువల్ గేర్లు, 2023 చివర్లో తీసుకున్నా, ఇప్పటికి 31 వేల కిలోమీటర్లు తిరిగింది, అందులో ఎక్కువ భాగం బెంగళూరులో మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ ఆఫీసుకి ట్రాఫిక్‌లో, నెలకోసారి మదనపల్లె, ఇంక వీలైన ఆదివారాల్లో హోస్కోటె అవతల ఒక ప్రైవేటు భూమిలో ఉన్న ఆఫ్‌రోడ్ ట్రాక్‌లో. మైలేజీ ఎంత, డిక్కీలో ఎన్ని బ్యాగులు పడతాయి, వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు లాంటివి అందరూ రాసేశారు, నేను మళ్లీ రాయను. నేను రాయాలనుకున్నది ఒక్క విషయమే, ఈ బండిలో ఉన్న ఎలక్ట్రానిక్స్ బురదలో రాళ్లలో నిజంగా సాయం చేస్తాయా, లేక అడ్డం పడతాయా అని. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో నన్ను ఆపి అడిగే వాళ్లందరూ అడిగేది ఇదే.

అడిగేవాళ్లు రెండు రకాలు. ఒకరు "దీంట్లో డిఫ్ లాక్ (ఒక యాక్సిల్ మీది రెండు చక్రాలూ కలిసే తిరిగేలా చేసే లాక్) లేదు కదా, అంతా సెన్సార్లే కదా, దిగబడితే ఏం చేస్తావ్, పాత జీపులే నయం" అంటారు. ఇంకొకరు "ఇప్పుడన్నీ కంప్యూటరే చూసుకుంటుంది, బటన్ నొక్కి కూర్చుంటే బండే ఎక్కేస్తుంది" అంటారు. రెండూ తప్పే అని నేను ఈ రెండేళ్లలో నా బండి మీద నేర్చుకున్నా, అది ఎలాగో వివరంగా చెప్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు బండి గురించి రెండు ముక్కలు. లాడర్ ఫ్రేమ్ (నిచ్చెన లాంటి ఇనుప చట్రం), ముందూ వెనకా రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు), కాయిల్ స్ప్రింగులు, 1462 సీసీ పెట్రోల్ ఇంజన్, సుమారు 103 బీహెచ్‌పీ, 134 ఎన్‌ఎం టార్క్. బండి బరువు 1.2 టన్నులు అంతే, ఈ తక్కువ బరువే దీని అసలు బలం అని నా నమ్మకం. గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు. ఫోర్ బై ఫోర్ పార్ట్ టైం, అంటే కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకీ బలం, గేర్ రాడ్ పక్కనే ఇంకో చిన్న లివరు, 2హెచ్ (రెండు చక్రాలకే బలం), 4హెచ్ (నాలుగింటికీ), 4ఎల్ (నాలుగింటికీ, లో గేర్‌తో). బటన్ కాదు, నాబ్ కాదు, చేత్తో లాగే లివరు. 4ఎల్‌లో పెడితే గేర్ రేషియో రెండింతలు అవుతుంది, అంటే వేగం సగమై లాగే బలం పెరుగుతుంది, మా మామ దాన్ని ఇప్పటికీ స్పెషల్ గేరు అనే అంటాడు. దీని మీద ఎలక్ట్రానిక్స్ ఏమున్నాయంటే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం లాక్ కానివ్వదు), ఈఎస్‌పీ (బండి జారకుండా చూస్తుంది), హిల్ హోల్డ్ (ఎక్కుడులో బండి వెనక్కి జారకుండా పట్టుకుంటుంది), హిల్ డిసెంట్ కంట్రోల్ (దిగుడులో వేగం తనే అదుపు చేస్తుంది), ఇంకా అసలైనది, బ్రేక్ ఎల్ఎస్‌డీ (ఊరికే తిరిగే చక్రానికి బ్రేకు వేసి రెండోదానికి బలం పంపేది). ఈ రివ్యూలో సగం దాని గురించే.

మొదటిసారి ట్రాక్‌కి వెళ్లిన రోజు నాకు బాగా గుర్తుంది. అక్కడ ఎర్రమట్టిలో అటొకటి ఇటొకటి గుంతలు తవ్వి పెట్టారు, అంటే ఎడమ ముందు చక్రం గుంతలో ఉన్నప్పుడు కుడి వెనక చక్రం కూడా గుంతలో ఉంటుంది, మిగతా రెండు చక్రాలు దిబ్బ మీద ఉంటాయి. బండి మెలి తిరిగినట్టు నిలబడుతుంది. రిజిడ్ యాక్సిల్ కాబట్టి ఒక వైపు పైకి లేస్తే రెండో వైపు బాగానే కిందికి దిగుతుంది, అయినా మూడో గుంత దగ్గరికొచ్చేసరికి రెండు చక్రాలు మూలకి మూల గాల్లోకి లేచాయి. బండి ఆగిపోయింది. నేను 4ఎల్ ఫస్ట్ గేర్‌లోనే ఉన్నా, యాక్సిలరేటర్ తొక్కగానే గాల్లో ఉన్న చక్రం గిర్రున తిరిగింది, వెంటనే కింద నుంచి గర్ర్ గర్ర్ గర్ర్ అని ఒక శబ్దం, గ్రైండర్‌లో రాయి పడినట్టు, బ్రేక్ పెడల్ దగ్గర సన్నగా అదురుతోంది, నాకు గుండె జారిపోయి కాలు తీసేశా. మళ్లీ తొక్కా, మళ్లీ ఆ శబ్దం, మళ్లీ తీసేశా. ఇలా నాలుగైదు సార్లు. ఏదో విరిగిపోతోందనే అనుకున్నా.

అక్కడ నేర్పించే ఆయన కిటికీ దగ్గరికొచ్చారు. హోస్కోటె, కోలార్ వైపు వాళ్లలో చాలామందికి తెలుగు బాగా వస్తుంది, ఆయనకీ వచ్చు. "సార్, ఆ శబ్దం వచ్చినప్పుడే కాలు తీయకూడదు, అది పని మొదలుపెట్టింది, మీరు ఆపేస్తున్నారు. రెండు వేల ఆర్‌పీఎం దగ్గర కాలు అలానే పెట్టి మూడు లెక్కపెట్టండి" అన్నారు. పెట్టా. ఒకటి, గర్ర్. రెండు, గర్ర్ గర్ర్. మూడు అనేలోపల గాల్లో తిరుగుతున్న చక్రం ఎవరో చేత్తో పట్టుకున్నట్టు నెమ్మదించింది, నేల మీద ఉన్న చక్రం మట్టిని పట్టుకుంది, బండి ఒక్క ఊపున దిబ్బ ఎక్కేసింది. అప్పటిదాకా ఐదు నిమిషాలు కదలని బండి, ఒక్క సెంటీమీటరు కూడా ఏమీ మార్చకుండా, కేవలం నా కాలు మూడు సెకన్లు స్థిరంగా ఉన్నందుకు బయటికొచ్చేసింది. ఆ రోజు ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన, అసలు లోపల జరిగిందేంటి అని.

సమాధానం నాకు మా మామ దగ్గర దొరికింది. మామకి మదనపల్లె దగ్గర మామిడి తోట ఉంది, చిన్నప్పుడు ఆయన పాత జీపులోనే నేను బండి నేర్చుకున్నా. పోయిన ఏడాది కళ్లు చూపించుకోవడానికి బెంగళూరు వచ్చి మా ఇంట్లో వారం ఉన్నాడు, ఆదివారం తీసుకెళ్లి ట్రాక్ చూపించా. నేను ఆ గుంతల్లో ఒక రౌండు వేసి దిగి, బ్రేక్ ఎల్ఎస్‌డీ అంటే ఏంటో ఏబీఎస్ పంపు, వీల్ స్పీడ్ సెన్సార్ అని చెప్పడం మొదలుపెట్టా. ఆయన సగంలోనే ఆపి, "ఇది ట్రాక్టరు బ్రేకే గదరా అల్లుడూ" అన్నాడు.

అంతే, అంతకంటే బాగా నేను చెప్పలేను. ట్రాక్టర్ నడిపిన వాళ్లకి తెలుసు, దాంట్లో కుడి బ్రేకు, ఎడమ బ్రేకు వేరువేరు పెడళ్లు, రోడ్డు మీద పోయేటప్పుడు రెంటినీ కలిపి కొక్కెం వేస్తారు, చేలో ఉన్నప్పుడు తీసేస్తారు. ఒక వైపు చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే ఆ వైపు బ్రేకు కొంచెం తొక్కితే రెండో వైపు చక్రానికి బలం పోతుంది. ఎందుకంటే డిఫరెన్షియల్, అంటే ఒక యాక్సిల్ మీది రెండు చక్రాలకి బలం పంచే గేర్ల పెట్టె, దాని స్వభావమే అది, రెండు వైపులకీ సమానంగా టార్క్ ఇస్తుంది, ఎక్కువ పట్టు ఉన్నవాడికి ఎక్కువ ఇవ్వడం దానికి రాదు. ఊరికే లెక్క కోసం చెప్తున్నా, గాల్లో ఉన్న చక్రం తిరగడానికి 50 ఎన్‌ఎం చాలు అనుకోండి, అప్పుడు నేల మీద ఉన్న చక్రానికి కూడా ఆ 50 మాత్రమే దక్కుతుంది, దాంతో బండి కదలదు. గాల్లో చక్రానికి బ్రేకు వేసి దాన్ని తిప్పడానికి 500 కావాల్సి వచ్చేలా చేస్తే, అవతలి చక్రానికీ 500 వస్తుంది. మనిషి కాలితో చేసిన పనిని జిమ్నీలో కంప్యూటర్ చేస్తుంది. నాలుగు చక్రాలకి నాలుగు సెన్సార్లు, ఒకే యాక్సిల్ మీద ఒక చక్రం రెండోదాని కంటే బాగా ఎక్కువ వేగంగా తిరుగుతోందని కనిపిస్తే ఏబీఎస్ పంపు ఆ ఒక్క చక్రానికే బ్రేకు వేస్తుంది. ఆ గర్ర్ గర్ర్ అనేది ఆ పంపు శబ్దం. పైగా 4ఎల్‌లో ఉన్నప్పుడు ఇది ఇంజన్ పవర్ తగ్గించదు, బ్రేకు ఒక్కటే వాడుతుంది, అందుకే కాలు పెట్టి ఉంచితేనే పని చేస్తుంది.

మామని కూర్చోబెట్టి నడపమన్నా. మొదట "నా వల్ల కాదులే" అన్నాడు గానీ, చిన్న లివరు చూడగానే చెయ్యి దానంతట అదే దాని మీదకి పోయింది. క్లచ్ తొక్కి 4ఎల్‌లో వేసి మెల్లగా దించాడు. మూడో గుంత దగ్గర చక్రం లేచింది, గర్ర్ మంది, నేను "మామా, కాలు తీయద్దు" అని అరవబోయేలోపలే ఆయన స్థిరంగా పెట్టే ఉంచాడు, బండి ఎక్కేసింది. "చేలో కాలు తీస్తే కుంగిపోతాది, నువ్వు నాకు చెప్తావా" అన్నాడు. అక్కడ నాకు అర్థమైందేంటంటే ఎలక్ట్రానిక్స్ వచ్చాక డ్రైవర్‌కి పనితనం అవసరం లేదనేది నిజం కాదు, వేరే పనితనం కావాలి. పాత జీపులో చక్రం స్లిప్ అయితే కాలు తీసి, వెనక్కి వచ్చి, వేరే దారి చూసుకుని, ఊపు మీద రావాలి. ఇక్కడ స్లిప్ అయినప్పుడు ఓపిక పట్టాలి. కొత్తవాళ్లు ఇరుక్కునేది బండి చేతకాక కాదు, ఆ రెండు సెకన్లు ఆగలేక.

ఇప్పుడు దీనికున్న హద్దులు కూడా చెప్పాలి, లేకపోతే ఇది రివ్యూ కాదు.

మొదటిది, బ్రేక్ ఎల్ఎస్‌డీ పని మొదలుపెట్టాలంటే చక్రం ముందు స్లిప్ అవ్వాలి. అంటే జరిగాక స్పందిస్తుంది. డిఫ్ లాక్ అలా కాదు, ఎక్కే ముందే లాక్ చేసుకుంటే రెండు చక్రాలు మొదటి నుంచీ కలిసే తిరుగుతాయి, అసలు స్లిప్పే ఉండదు. నున్నటి బండ మీద, తడిసిన రాయి మీద ఆ తేడా బాగా తెలుస్తుంది, స్లిప్ అయిన అర సెకనులో బండి పక్కకి అరడుగు జారితే పక్కన గొయ్యి ఉన్న చోట అది పెద్ద విషయమే. అందుకే ఇలాంటి ఫోర్ బై ఫోర్ బండే అయిన ఫోర్స్ గుర్ఖాలో ముందూ వెనకా డిఫ్ లాకులు ఇస్తారు. మహీంద్రా థార్ 2020లో వచ్చినప్పుడు వెనక మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఇచ్చారు, 2024లో వచ్చిన థార్ రాక్స్‌లో వెనక ఎలక్ట్రానిక్ లాకింగ్ పెట్టారు, అంటే లాక్ గేర్లతోనే అవుతుంది, దాన్ని వెయ్యమని చెప్పేది మాత్రం బటన్. నాకు బాగా నచ్చిన పద్ధతి అది, నిర్ణయం డ్రైవర్‌ది, పట్టు ఇనుముది. ఇంకో మాట, రాక్స్‌లో ఇంటెల్లీటర్న్ అని ఒకటుంది, ఇరుకు మలుపులో లోపలి వెనక చక్రాన్ని బ్రేకుతో పట్టేసి బండిని తక్కువ చోటులో తిప్పుతుంది. చేను చివర ట్రాక్టర్ తిప్పేటప్పుడు ఒక వైపు బ్రేకు తొక్కి తిప్పుతారు చూడండి, అదే.

రెండోది వేడి. ఇంజన్ బలాన్ని బ్రేకు మింగుతోంది, ఆ బలం వేడిగా మారాలి కదా. జిమ్నీకి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. గుంతల్లో నాలుగైదు రౌండ్లు ఆపకుండా వేశాక దిగి ముందు చక్రం దగ్గర చెయ్యి పెడితే సెగ తగులుతుంది, కాలిన వాసన వస్తుంది. బ్రేకులు మరీ వేడెక్కితే వాటిని కాపాడుకోవడానికి ఇలాంటి సిస్టమ్‌లు కాసేపు పని మానేసేలా తయారు చేస్తారు, కాబట్టి లోతు బురదలో అరగంట ఇదే పని మీద ఆధారపడి పోదాం అంటే కుదరదు. నేను రెండు రౌండ్ల తర్వాత పది నిమిషాలు ఆపుతా, ప్యాడ్‌లు మామూలు కంటే ముందే చూపించుకుంటా.

మూడోది టైర్లు, గాలి. కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైర్లు రోడ్డు కోసం చేసినవి. వానాకాలంలో చెరువు మట్టి వాటి గాళ్లలో నిండిపోయి టైరు లడ్డూలా నున్నగా అయిపోతుంది, అప్పుడు నాలుగు చక్రాలూ ఒకే వేగంతో స్లిప్ అవుతాయి. నాలుగూ ఒకేలా తిరుగుతుంటే కంప్యూటర్‌కి తేడా ఏముంది, ఎవరికి బ్రేకు వెయ్యాలి, ఏమీ చెయ్యదు. ఇది చాలామందికి అర్థం కాని పాయింటు. పట్టు ఉన్న చక్రానికి బలం మళ్లించడమే దాని పని, ఏ చక్రానికీ పట్టు లేకపోతే అది పట్టు పుట్టించలేదు. నేను 18 పీఎస్‌ఐకి గాలి దించి పోతా, తిరిగొచ్చేటప్పుడు చిన్న కంప్రెసర్‌తో నింపుకుంటా. ఆ కంప్రెసర్ లేకుండా ట్రాక్‌కి అస్సలు పోవద్దు.

ఇక లివరు సంగతి. ఇది నాకు ఎందుకంత ముఖ్యమో ఒక సంఘటన చెప్తా. నా ఫ్రెండ్ ఒకడు, వాడిది వేరే కంపెనీ బండి, పేరు ఇక్కడ అనవసరం, 4ఎల్‌కి మారాలంటే బటన్ నొక్కాలి, మోటార్ మారుస్తుంది. సకలేశపుర వైపు తెలిసిన వాళ్ల కాఫీ తోటలో ఇద్దరం చెరొక బండిలో దిగాం. దారిలో చిన్న వంక దాటాం, మోకాలి లోతు నీళ్లు, పెద్ద కష్టమేం కాదు. అవతల ఎక్కేచోట వాడి డ్యాష్‌బోర్డ్ మీద ఒకదాని తర్వాత ఒకటి లైట్లు వెలిగాయి, ఏబీఎస్, ఈఎస్‌పీ, హిల్ డిసెంట్, ఫోర్ బై ఫోర్ కూడా. బటన్ నొక్కితే లైటు మిటుక్ మిటుక్ అంటుంది, 4ఎల్‌లోకి పోదు. ఇంజన్ బ్రహ్మాండంగా ఉంది, గేర్‌బాక్స్ బాగుంది, టైర్లు కొత్తవి, అయినా బండి ఎక్కలేదు. నా జిమ్నీకి తాడు కట్టి లాగాం. బెంగళూరు తీసుకొచ్చాక వర్క్‌షాప్‌లో చూస్తే వెనక ఎడమ చక్రం సెన్సార్ వైరు ఒక పుల్ల తగిలి తెగింది. ఒక్క వైరు.

అందులో తప్పేం లేదు, ఎందుకు అలా అయ్యిందో ఆలోచిస్తే అర్థమవుతుంది. ఏబీఎస్, ఈఎస్‌పీ, బ్రేకుతో చేసే ట్రాక్షన్ కంట్రోల్, హిల్ డిసెంట్, ఇవన్నీ నాలుగు పేర్లు గానీ తినేది ఒకే కంచంలో, ఆ వీల్ స్పీడ్ సెన్సార్ల సమాచారమే అన్నిటికీ ఆధారం. ఒక చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో తెలియకపోతే కంప్యూటర్ ఊహించి బ్రేకు వెయ్యదు, వెయ్యకూడదు కూడా, అందుకే అన్నీ ఒకేసారి పక్కకి తప్పుకుంటాయి. కానీ 4ఎల్ గేరు మారడం కూడా అదే గొలుసులో కట్టేస్తే మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. జిమ్నీలో సెన్సార్ వైరు తెగినా లివరు లివరే, 4ఎల్ నా చేత్తో పడుతుంది, బ్రేక్ ఎల్ఎస్‌డీ పోయిన రోజున అది మామ పాత జీపుతో సమానమవుతుంది, అంతకంటే తక్కువ కాదు. ముందు చక్రాలని యాక్సిల్‌తో కలిపే హబ్‌లు మాత్రం వాక్యూం మీద పనిచేస్తాయి, ఆ సన్నటి పైపులు పగలకుండా చూసుకోవాలి, అంతవరకు ఒప్పుకుంటా.

ఇది కొత్త వాదన కూడా కాదు. ల్యాండ్ రోవర్ 1998లో డిస్కవరీ రెండో తరం తెచ్చినప్పుడు సెంటర్ డిఫ్ లాక్ (ముందు, వెనక యాక్సిల్‌లని కలిపి తిప్పే లాక్) వేసే లివరు కనెక్షన్ తీసేసి ట్రాక్షన్ కంట్రోల్ చూసుకుంటుందని అన్నారు, కొన్నేళ్లకి 2004 మోడల్‌లో మళ్లీ తెచ్చిపెట్టారు. అదే కంపెనీ 1997లో ఫ్రీలాండర్ అనే బండికి లో గేర్ లేకుండా, దాని బదులు హిల్ డిసెంట్ కంట్రోల్ ఇచ్చింది. 2004 డిస్కవరీ 3తో టెర్రైన్ రెస్పాన్స్ నాబ్ వచ్చింది, ఇవాళ మన దగ్గర స్కార్పియో ఎన్‌లో మట్టి, ఇసుక, మంచు అని మోడ్‌లు చూస్తున్నాం కదా, ఆ ఆలోచనకి మూలం అది. ఈ పాతికేళ్లలో ఇంజనీర్లు కూడా కొంచెం అటు, కొంచెం ఇటు జరుగుతూనే ఉన్నారు.

దిగడం గురించి. మాన్యువల్ బండిలో 4ఎల్ ఫస్ట్ గేర్ ఉంటే హిల్ డిసెంట్ ఎందుకు అని నేను మొదట్లో వాడలేదు, ఇంజన్ బ్రేకింగే చాలు అనుకున్నా. మామూలు ఏటవాలుకి చాలు కూడా. కానీ ట్రాక్ చివర ఒక దిగుడు ఉంది, మధ్యలో కోత పడి ఒక పక్క చక్రం ఖాళీ అవుతుంది. అక్కడ ఇంజన్ బ్రేకింగ్ మోసం చేస్తుంది, ఎందుకంటే అది కూడా డిఫరెన్షియల్ గుండానే చక్రాలకి చేరాలి, ఒక చక్రం గాల్లో ఉంటే ఆపే బలం దానికే కారిపోతుంది, నేల మీద ఉన్న చక్రం స్వేచ్ఛగా ఉరుకుతుంది. మొదటిసారి బండి ఒక్కసారిగా వదిలేసినట్టు ముందుకి దూకింది, కడుపులో దేవినట్టయింది. హిల్ డిసెంట్ వేసి దిగితే నాలుగు చక్రాలకీ విడివిడిగా బ్రేకు వేస్తూ నడక వేగంలో తీసుకెళ్లింది, నేను స్టీరింగ్ ఒక్కటే చూసుకున్నా. ఆ రోజు నుంచి కోతలు పడిన దిగుడు అంటే బటన్ నొక్కేస్తా. ఏ మొహమాటం లేదు.

ఏబీఎస్ మాత్రం వదులు కంకర మీద నాకు ఇష్టం ఉండదు. కంకరలో చక్రం లాక్ అయితే దాని ముందు రాళ్లు మట్టి కుప్పలా చేరి ఆ కుప్పే బండిని ఆపుతుంది, ఏబీఎస్ చక్రాన్ని లాక్ కానివ్వదు కాబట్టి ఆ కుప్ప చేరదు, బండి ఆగడానికి ఎక్కువ దూరం పోతుంది, పెడల్ కింద టకటక కొడుతూ ఉంటుంది, బండి ఆగట్లేదని భయం వేస్తుంది. ఇది ఈ బండి ఒక్కదాని సంగతి కాదు, ఏబీఎస్ ఉన్న ఏ బండికైనా అంతే. తారు రోడ్డు మీద అదే ఏబీఎస్ ప్రాణం కాపాడుతుంది, కాబట్టి తీసెయ్యమని ఎవరూ అనరు, కంకర దిగుడులో ముందే లో గేర్ వేసుకుని దిగాలి, బ్రేకు మీద ఆధారపడకూడదు.

ఈఎస్‌పీ కూడా తెలిసి వాడుకోవాల్సిన వస్తువు. 4ఎల్‌లో అది దారికి అడ్డం రాదు. కానీ వదులు ఇసుకలో 4హెచ్‌లో ఊపు మీద పోవాలి, అక్కడ చక్రాలు కొంచెం తిరగాలి, ఈఎస్‌పీ దాన్ని జారుడు అనుకుని ఇంజన్ పవర్ కోసేస్తే ఊపు పోయి అక్కడే కూర్చుండిపోతాం. ఇసుకలో దిగే ముందే ఈఎస్‌పీ ఆఫ్ బటన్ నొక్కి పట్టుకోవాలి, దిగబడ్డాక నొక్కితే లాభం లేదు. రోడ్డెక్కగానే ఆన్ చేయడం మర్చిపోవద్దు, ముఖ్యంగా వానలో, ఎత్తుగా ఉన్న ఈ చిన్న బండికి అది చాలా అవసరం.

ఊళ్లో సంగతి క్లుప్తంగా. మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంప్ నిటారుగా ఉంటుంది, పైన సెక్యూరిటీ గేటు దగ్గర రోజూ ఆగాలి, హిల్ హోల్డ్ అక్కడ రోజూ పనికొస్తుంది. స్టీరింగ్ ఎలక్ట్రిక్ సాయం ఉన్న రీసర్క్యులేటింగ్ బాల్ రకం, మామూలు కార్ల కంటే ఎక్కువ తిప్పాలి, మలుపు తిరిగాక దానంతట అది త్వరగా వెనక్కి రాదు, మొదటి నెల చిరాకేసింది. రాళ్ల మీద మాత్రం చక్రం రాయికి తగిలినప్పుడు స్టీరింగ్ చేతిని విదిలించి కొట్టదు, మామ జీపులో నా బొటనవేలు వాచిపోయిన రోజులు గుర్తున్నాయి కాబట్టి ఇది నాకు పెద్ద సుఖం. హైవే మీద 100 దాటితే నాకు ఈ బండి ఇంజన్ సరిపోదనిపిస్తుంది, ఓవర్‌టేక్ ముందే ప్లాన్ చేసుకోవాలి. ఐదు డోర్ల బండిలో వీల్‌బేస్ 2590 మిల్లీమీటర్లు అయ్యింది, మూడు డోర్ల జిమ్నీకి 2250 మాత్రమే, దాంతో దిబ్బ మధ్యలో పొట్ట తగలకుండా దాటే కోణం 28 నుంచి 24 డిగ్రీలకి తగ్గింది. ఏ ఎలక్ట్రానిక్స్ దాన్ని వెనక్కి తేలేవు, ట్రాక్‌లో పెద్ద దిబ్బ మీద రెండుసార్లు పొట్ట గీరుకుంది.

కొనాలా అంటే. నెలలో ఒకటి రెండు సార్లు తోటకో, ట్రాక్‌కో పోయేవాళ్లు, ఇంట్లో నలుగురు, ఊళ్లో పార్కింగ్ కష్టం ఉన్నవాళ్లు, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. పెద్ద బండలు ఎక్కడమే మీ పని అయితే డిఫ్ లాక్ ఉన్న బండే చూడండి, జిమ్నీ తీసుకుని తర్వాత బాధపడొద్దు. ఆటోమేటిక్ నేను రెండు రోజులు మాత్రమే నడిపా, ట్రాఫిక్‌కి సుఖం, కానీ దిగుడులో ఫస్ట్ గేర్ పట్టు మాన్యువల్‌కి ఎక్కువ అనిపించింది, అందుకే ఇది తీసుకున్నా. తీసుకున్న మొదటి నెలలోనే ఒక రోజు ట్రైనింగ్‌కి వెళ్లండి, అడవిలోకి కాదు, అనుమతి ఉన్న ప్రైవేటు స్థలానికే.

చివరిగా మెయింటెనెన్స్. ట్రాక్ నుంచి వచ్చిన సాయంత్రమే, మట్టి ఆరకముందే, నాలుగు చక్రాల లోపలి వైపు మామూలు పైపు నీళ్లతో కడుగుతా. ప్రెషర్ వాషర్ మాత్రం సెన్సార్ల మీదకి, కనెక్టర్ల మీదకి నేరుగా పెట్టనివ్వను, వాషింగ్ కుర్రాడికి ప్రతిసారీ చెప్పాల్సి వస్తుంది. కింద పడుకుని టార్చ్ వేసి ఒక్కో సెన్సార్ వైరు ఎక్కడ వేలాడుతోందో, క్లిప్పు ఊడిందా చూస్తా, సకలేశపుర తర్వాత ఇది అలవాటైపోయింది. డ్యాష్‌బోర్డ్ కింద పెట్టుకునే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ చెప్పే తప్పుల్ని చదివే పరికరం) ఒకటి కొనిపెట్టుకున్నా, లైటు వెలిగితే ఏ చక్రం సెన్సారో అక్కడికక్కడే ఫోన్‌లో చూసుకోవడానికి. గ్లవ్‌బాక్స్‌లో రెండు మూడు రకాల ఫ్యూజులు, ఇన్సులేషన్ టేపు, జిప్ టైలు. పోయిన నెల ముందు కుడి చక్రం దగ్గర ఒక క్లిప్పు ఊడి వైరు స్ప్రింగ్‌కి ఆనుకుంటూ కనిపించింది, జిప్ టై వేసి బిగించా, ఇంకా అలానే ఉంది, వచ్చే సర్వీసులో కొత్త క్లిప్పు వేయించాలి.